గుర్తు పెట్టిన పటం

మా అపార్ట్‌మెంటు గేటు పక్కన, పటాన్‌చెరు హైవే నుంచి లోపలికి తిరిగే సందు మొదట్లో, ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. దాని మీద పనిచేసే అతను బీహార్ నుంచి వచ్చాడు. పొద్దున్నే కంపెనీ బస్సులు వచ్చేలోగా నీలం యూనిఫారాల గుట్ట ఒకటి చదును చేసి పంపి, ఆ తర్వాత ఇళ్లవాళ్ల చీరలు పట్టుకుంటాడు. నీళ్లు చిలకరించిన నూలు చీర మీద బొగ్గుల పెట్టె ఆనగానే ఒక వాసన లేస్తుంది, సగం గంజిది, సగం వేడెక్కిన గుడ్డది. అది ముక్కుకు తగిలిందంటే నేను ఏ పని మీద పోతున్నా అక్కడ ఆగిపోతాను. "క్యా దీదీ, కప్‌డా హై?" అంటాడతను. నా చేతిలో కూరగాయల సంచి తప్ప ఏముంటుంది? ఏం లేదని తల ఊపి, ఇంకాసేపు సిగ్గులేకుండా నిలబడతాను. ఆ వాసనతో ముందు మా అవ్వ గుర్తొస్తుంది, తర్వాత మా రేవు, ఆ తర్వాత ఒక పటం. పటం గుర్తొచ్చాక ఇంక నిలబడలేను, ఇంటికి పోతాను.

మాది హత్నూర దిక్కు ఒక చిన్న ఊరు. మేం చాకలివాళ్లం. ఇప్పుడు కాగితాల మీద రజకులం అని రాసుకుంటున్నాం గానీ అప్పుడు ఊరంతా చాకలోళ్లనేది, మేమూ అనుకునేవాళ్లం, అందులో మాకేం చిన్నతనం కనబడేది కాదు. ఇళ్ల వెనక నాలుగు అడుగులు వేస్తే వాగు, వాగులో రేవు, రేవులో మా తాతల తాతల కాలం నుంచి దెబ్బలు తిని నున్నబడిన బండలు. ఎండాకాలం వాగు సన్నబడితే ఇసుకలో చెలిమలు తోడుకుని ఉతికేవాళ్లు. వానాకాలం ఎర్రనీళ్లు వచ్చాయంటే నాలుగైదు రోజులు పని బందు, ఇంటినిండా మాసిన బట్టల మూటలు, ఆ మూటలకు ఆనుకుని కూర్చుని మేం పిల్లలం మక్కకంకులు కాల్చుకు తింటూ ఊళ్లో ఎవరి చీర ఏదో పందెం వేసుకునేవాళ్లం. చలికాలం సుఖమే వేరు. అవ్వ ఉబ్బ పెట్టేది, అంటే సౌడుమట్టి నీళ్లలో ముంచిన బట్టలను పెద్ద బానల మీద గుండ్రంగా పేర్చి కింద మంట వేసి ఆవిరి పట్టించేది. ఆ పొయ్యి చుట్టూ మేమూ, మా గాడిదలూ, ఊళ్లోని ముసలివాళ్లూ చేరేవాళ్లం, నివురులో పెట్టిన కందగడ్డ ఎవరిదో ఎవరి నోట్లోకి పోయేదో తెలిసేది కాదు.

ఊరి బట్టలన్నీ ఒకే ఉబ్బలో ఉడికి, ఒకే రేవులో తడిసి, ఒకే దండెం మీద ఆరినా, సాయంత్రానికి ఏ ఇంటి గుడ్డ ఆ ఇంటికి చేరేదంటే అది గుర్తు మహిమ. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో అంచు లోపలివైపు ఒక చుక్కో గీతో పెట్టి, మీద సున్నం అద్దితే ఇంక గుడ్డ చిరిగినా ఆ గుర్తు చావదు. పటేలు ఇంటికి మూడు చుక్కలు, కోమటాయన ఇంటికి కోడికాలు, బడిపంతులు ఇంటికి అడ్డగీత. మా అవ్వ మల్లమ్మకు ఒక్క అక్షరం రాదు గానీ ఊరందరి గుర్తులూ కంఠతా వచ్చు. కోపమొస్తే మా నాయనను తిట్టే తిట్టు కూడా ఆ లెక్కలోదే, గుర్తులేని గుడ్డ అనేది. "నా చేతుల గుర్తు పడ్డ గుడ్డ ఒక్కటన్న తప్పిపోయిందేమో ఊరంత అడుగుపో" అని ఛాతీ విరుచుకుని చెప్పేది. నిజంగానే ఎప్పుడూ తప్పిపోలేదు. ఈ మాట ఎందుకు ఇంత సాగదీస్తున్నానంటే, మాకు జరిగిన నష్టమంతా ఈ నమ్మకంలోంచే వచ్చింది.

మూడేళ్లకొకసారి, యాసంగి కోతలైపోయి ఊరు తీరిగ్గా ఉన్నప్పుడు, జోగిపేట దిక్కునుంచి ఎల్లయ్య తాత వచ్చేవాడు. తెలియనివాళ్ల కోసం చెప్తాను: మా దగ్గర చాలా కులాలకు తమ పుట్టుక కథ ఒకటుంటుంది, ఆ కథ చెప్పే హక్కు ఒక్కొక్క కుటుంబానికి ఉంటుంది, ఆ కుటుంబం ఆ కులం ఇళ్లకే పోయి చెప్తుంది, ఆ ఇళ్లలోనే తింటుంది. మా కథ ఎల్లయ్య తాతది. దేవతల మాసిన బట్టలు ఉతకడానికి పుట్టిన మా మూలపురుషుడి కథ. దాన్ని ఆయన ఊరికే నోటితో చెప్పడు, పటం కట్టి చెప్తాడు. రెండు మూరల వెడల్పు, విప్పితే మా వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు చాలదు, అంత పొడుగు గుడ్డ. దానికి గంజి పెట్టి, సుద్దమట్టీ చింతగింజల అంబలీ పూసి, ఎర్రటి రంగు మీద గడులు గడులుగా నకాషీవాళ్లు రాసిన బొమ్మలు. రెండు గుంజలకు వెదురు కట్టి పటాన్ని దానిమీంచి వేలాడదీస్తే ఒక్కసారి మూడు నాలుగు గడులే కనబడేవి, కథ నడుస్తున్నకొద్దీ పై గడులు వెనక్కు పోయి కింది గడులు బయటికొచ్చేవి.

మూడు రోజుల కథ అది. ఆ మూడు రోజులూ రేవులో బండ మీద దెబ్బ పడేది కాదు. వాకిలి అలికి ముగ్గులు పెట్టి, ఇంట్లో సర్వపిండి, గారెలు, బెల్లం పోసిన పాశెం, పచ్చిపులుసు, మా అమ్మ చేతి మామిడికాయ తొక్కు, ఎల్లయ్య తాతకని వేరుగా దాచిన గడ్డపెరుగు. ఆయన సన్నంగా, చెవులకు పోగులతో, ఎప్పుడూ ఎవరినో వెక్కిరిస్తూ ఉండేవాడు, కానీ పటం విప్పాడంటే తంబాకు ముట్టడు, నీళ్లు తాగడు, కాళ్లు చాపుకోడు. చేతిలో కొసకు ఇత్తడి పొన్ను కట్టిన పుల్ల. దానితో బొమ్మను తాకి తాకనట్టు చూపిస్తూ రాగం తీస్తే, దేవుడి గాడిద ఎక్కడ మొండికేసిందో అక్కడ మా వాడ గాడిదలు కూడా ఓండ్ర పెట్టేవి, అందరం విరగబడి నవ్వేవాళ్లం. కథ అయిపోయి ఆయన వెళ్లాక కూడా నెలల తరబడి మా ఆట అదే. దండెం మీద ఆరేసిన పటేలమ్మ చీరను పటం చేసుకుని, తుమ్మపుల్లతో చూపిస్తూ, నేను ఎల్లయ్య తాతనై కథ చెప్పేదాన్ని. చీర మీద మట్టి వేళ్లు పడితే అవ్వ చీపురు తిరగేసి తరిమేది.

ఆ పటం ముసలిదైపోయింది. రంగులు పెచ్చులూడి, గాడిదకు చెవులు పోయి, మూడో గడిలో దేవుడికి మీసాలు మాత్రం మిగిలి ముఖం పోయింది. పటం ముసలిదైతే పారేయరు, దాచుకోరు. దానికి ప్రాణముందని లెక్క, ప్రాణమున్నదాన్ని సాగనంపాలి. మనిషికి చేసినట్టే పసుపు పూసి, తెల్లగుడ్డ కప్పి, డప్పు మోగిస్తూ రేవుకు తెచ్చి, రాయి కట్టి పారే నీళ్లలో వదలాలి. కథ చెప్పే ఇంటివాళ్లు చావుస్నానం చేయాలి. నకాషీవాళ్లు కొత్త పటం ముందే రాసి పెడతారు గానీ బొమ్మలకు కళ్లలో నల్లగుడ్లు పెట్టరు. పాతది నీళ్లలో పడ్డాకే కొత్తదానికి కళ్లు, కళ్లు పెట్టాకే కథ. ఒక ఇంటివాళ్ల కథకు ఒక్కసారే రెండు పటాలు బతికి ఉండకూడదు. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు ఎల్లయ్య తాత వచ్చి, ఈ పటానికి ఇదే ఆఖరి కథ, వానలు తగ్గి వాగు తేటపడ్డాక దసరా వెళ్లిన సోమవారం మీ రేవులోనే నీళ్లు వదులుదాం అని చెప్పాడు. మా అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది, దగ్గరి చుట్టానికి పొద్దు దగ్గరపడినట్టు.

మూడో రోజు మధ్యాహ్నం కథ జోరుమీదుండగా మా వాడలోకి జీపు వచ్చింది. అందులోంచి కళ్లద్దాల ఆయన ఒకరు, కెమెరా వేసుకున్న ఆవిడ ఒకరు దిగారు. ఢిల్లీలో దేశానికంతటికీ ఒక చిత్రశాల ఉందనీ, దాని కోసం ఊరూరూ తిరుగుతున్నామనీ ఆయన రేడియోలో వార్తలు చదివినట్టు తెలుగు మాట్లాడాడు. మంచివాళ్లు. మా చాప మీద కూర్చున్నారు, మా గిన్నెల్లో తిన్నారు. ఆ చిత్రశాల కథ కూడా ఆయన మాకు చెప్పాడు: మొదట్లో అందులో రాజుల బొమ్మలు, బంగారు చట్రాల తైలచిత్రాలు ఉండేవట, తర్వాత బొమ్మల బడుల్లో చదివిన పెద్ద పెద్ద చిత్రకారులవి చేర్చారట, ఇన్నేళ్లకు ఊళ్లలో పుట్టిన బొమ్మలు లేకుండా దేశం చిత్రశాల ఎట్లా అవుతుందని ఎవరికో తోచిందట. "అక్కడ రాజుల పక్కన మీ దేవుడుంటాడు" అన్నాడు. పటాన్ని బాగుచేస్తామనీ, కంటికి రెప్పలా చూసుకుంటామనీ అన్నాడు. ఎల్లయ్య తాత పుల్ల కింద పెట్టి మా అవ్వ వైపు చూశాడు.

"ఏం జేద్దాం మల్లమ్మా? దసరకు నీళ్లిడుస్తమనుకుంటిమి గదా."

అంతలో ఆ కెమెరా ఆవిడ సంచిలోంచి నల్లసిరాతో అంకెలు వేసిన చిన్న తెల్లగుడ్డ పేలిక తీసి, పటం ఒక చివర వెనకవైపు ఎట్లా కుడతామో చూపించడానికి ఆనించింది. అవ్వ వంగి చూసింది. బొటనవేలు తడి చేసి ఆ అంకెల మీద రుద్దింది. సిరా చెదరలేదు. మా అవ్వ ముఖం ఒక్కసారి తేటపడింది.

"గుర్తు వెడుతున్నరు ఎల్లన్నా! పక్కా సిరా. గుర్తు వెట్టి తీస్కపోయెటోళ్లు ఎనకకు తెచ్చియ్యకుంట ఉంటరా? ఇయ్యి, రంది వెట్టుకోకు."

ఎల్లయ్య తాతకు అదే చాలు. "సచ్చే ముంగల కాశికి పోయొచ్చినట్టు, ఇది ఢిల్లీ సూసొస్తది తియ్" అని నవ్వాడు. ఇంక మిగిలింది నా వంతు. వాళ్లు ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చి, ఇంట్లో చదువుకున్నవాళ్లుంటే చదివించుకోండి అన్నారు. చదువుకున్నదాన్ని నేనే మరి, పదకొండేళ్లదాన్ని! మొదటి వరుసలో "అందింది, కృతజ్ఞతలు" అన్న ముక్క అర్థమైంది. కింద రెండు వరుసలున్నాయి, వాటిలో ఒక్క మాటా తెలియలేదు. తెలియలేదని చెప్తే అంతమంది ముందు పరువు పోతుందనిపించింది. "అందింది అని రాసిన్రు తాతా, రసీదు" అన్నాను. కళ్లద్దాల ఆయన వంగి, "అంతా చదివావా అమ్మా? అర్థమైందా?" అని మెల్లగా అడిగాడు కూడా. తల ఊపాను. ఎల్లయ్య తాత వేలిముద్ర వేశాడు. పటం చుట్టి, తెల్లగుడ్డలో కట్టి, జీపులో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టుకుని వెళ్లారు. ఆ రోజు కథ సగంలోనే ఆగిపోయింది.

ఆ రెండు వరుసల అర్థం నేను డిగ్రీ చదివేటప్పుడు తెలుసుకున్నాను. ఈ వస్తువును బహుమతిగా, శాశ్వతంగా, తిరిగి కోరే హక్కు లేకుండా ఇస్తున్నాను అని ఉంది.

దసరా వచ్చింది, పోయింది. కొత్త పటం తయారై ఎల్లయ్య తాత ఇంట్లో దూలానికి వేలాడుతూ ఉంది, కళ్లు లేకుండా. ఆయన మా ఇంటికి వచ్చి, "బిడ్డా సుగుణా, జెర ఉత్తరం రాయి, పటం తోలియ్యమని, మాకు పని వడ్డదని" అన్నాడు. రాశాను. మహారాజశ్రీ చిత్రశాల వారికి నమస్కరించి వ్రాయునది, అని మొదలుపెట్టి, మా పటం ఢిల్లీ చూడటం అయిపోయి ఉంటే దయచేసి పంపగలరు, మేము దానిని నీళ్లలో వదలవలసి ఉన్నది అని ఉన్నది ఉన్నట్టు రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది, మందపాటి కాగితం మీద. పటం క్షేమంగా ఉందని, దాన్ని కొత్త గదిలో పెట్టారని, దేశవిదేశాల వాళ్లు చూసి మెచ్చుకుంటున్నారని. నీళ్ల మాట లేదు. మా పంతులు చదివి చెప్తుంటే ఎల్లయ్య తాత గర్వపడ్డాడు కూడా, దాపరికమెందుకు. "సరే, సూడనియ్ ఇంకో ఏడు" అన్నాడు.

ఇంకో ఏడు, ఇంకో ఏడు. ప్రతి దసరాకు నెల ముందు ఆయన వచ్చేవాడు, నేను రాసేదాన్ని. మొదట కార్డు మీద, తర్వాత కవరులో, ఆ తర్వాత హిందీలో, టెన్త్ కొచ్చాక తప్పుల ఇంగ్లీషులో. వాళ్లు ఎప్పుడూ జవాబివ్వకుండా ఉండలేదు, ఎప్పుడూ కోపంగా రాయలేదు. ఒక ఏడు క్యాలెండరు పంపారు. అక్టోబరు నెల మీద మా పటం! ముఖం లేకుండానే దేవుడు, చెవులు లేకుండానే గాడిద, మెరిసిపోతున్నాయి. ఎల్లయ్య తాత ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని, "మల్లమ్మా, ఈ కాయితానికి నీళ్లిడిస్తే సెల్లదా?" అని అడిగాడు. అవ్వ కస్సుమంది. "పటేలు ధోతి ఉతుకుమంటే ధోతి ఫోటో ఉతికి ఇస్తనా? ఏం మాట ఎల్లన్నా!" ఆ తర్వాత ఇద్దరూ నవ్వలేదు. అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. ఇయ్యమన్నది తనే కదా.

అప్పటికి మా ఊరికి వేరే సంగతులు కూడా మొదలయ్యాయి. పైన పటాన్‌చెరు దిక్కు కంపెనీలు పెరుగుతున్నకొద్దీ మా వాగు రంగు మారుతూ వచ్చింది. ముందు నురగ, తర్వాత ఒక పసుపు. పటేలమ్మ తెల్లచీర ఉతికి తెస్తే అంచుల్లో చాయ దిగింది, ఆమె ఏమీ అనలేదు గానీ మరుసటి వారం మూట కట్టలేదు. ఒక్కొక్క ఇల్లే అట్లా తగ్గింది. గాడిదలు అమ్ముడుపోయాయి. మా నాయన కంపెనీ లాండ్రీలో చేరాడు, అక్కడ పెద్ద మిషన్లు, పైపు నీళ్లు, అందరి బట్టలూ ఒక్క రంగే, ఎవరిది ఎవరికిచ్చినా ఎవరూ అడగరు. నాయన జీతం తెచ్చిన రోజు మా అమ్మ సంబరపడింది, అవ్వ మాత్రం ఆయన దగ్గర వచ్చే లాండ్రీ మందుల వాసనకు ముఖం తిప్పుకునేది. మా ఇళ్లవాళ్లందరిదీ అదే దారి. ఎవర్ని తప్పు పట్టాలి? పని కావాలి, పని దొరికింది.

పటం లేదు కాబట్టి కథ లేదు. మూడేళ్లకొకసారి వచ్చే ఆ మూడు రోజులు వచ్చేవి, ఎల్లయ్య తాతా వచ్చేవాడు, మా గడ్డపెరుగు తినేవాడు, కాసేపు వెక్కిరించేవాడు, వెళ్లిపోయేవాడు. కథ అడిగితే, "పాతది సావలే, కొత్తది పుట్టలే, ఏం పెట్టుకొని చెప్పాలె బిడ్డా" అనేవాడు. ఉత్తగా నోటితో చెప్పవచ్చు కదా అని మా నాయన ఒకసారి అంటే, నీళ్లు లేకుండ ఉతుకుతవారా నువ్వు అని అడిగాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయన పోయాడు. చివరి దినాల్లో ఆయన కొడుకు సాయిలును పిలిచి పటం వచ్చిందా అని రోజూ అడిగేవాడట. సాయిలు ఒకరోజు ఉండబట్టలేక వచ్చిందని అబద్ధం చెప్పాడట. "మరి సావుస్నానం ఎందుకు చెయ్యలేదురా?" అన్నాడట. మా అవ్వ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. పోయేముందు కూడా, గుర్తు పెట్టిన్రు కదే, నేను సూసిన కదే, అంటూనే ఉంది.

సాయిలు నాకన్నా రెండేళ్లు చిన్న. ఇప్పుడు పటాన్‌చెరులోనే ఒక కంపెనీలో ప్యాకింగులో పనిచేస్తాడు, మా ఇంటికి దగ్గర్లోనే కిరాయికి ఉంటాడు. కళ్లులేని పటం వాళ్ల బీరువా మీద ఉంది. పోయిన చలికాలం ఇద్దరం సెలవు పెట్టుకుని ఢిల్లీ రైలెక్కాం. నేను ముందే ఈమెయిలు రాసి తేదీ అడిగి పెట్టుకున్నాను. సాయిలు సంచిలో పసుపు, తెల్లగుడ్డ, మా వాగు పాడైంది కాబట్టి ఒక సీసాలో సింగూరు డ్యాం నీళ్లు తెచ్చుకున్నాడు. పటం నీళ్ల దగ్గరికి రాకపోతే నీళ్లనే పటం దగ్గరికి తీసుకుపోదామని, నాలుగు చుక్కలు చల్లినా చాలునేమోనని. గేటు దగ్గర కాపలా అతను లోపలికి నీళ్లు పోవని చెప్పి, సీసా పక్కన పెట్టి, దానికి టోకెన్ ఇచ్చాడు. సాయిలు ఆ టోకెన్ను జేబులో వేసుకున్నాడు.

గదుల వెంట గదులు. కిరీటాల రాజులు, వాళ్ల రాణులు, తెల్లదొరల గుర్రాలు, ఆ తర్వాత గదుల్లో ముక్కూ ముఖం తెలియని రంగులు, వాటి ముందు సాయిలు మర్యాదగా ఆగి ఆగి నడిచాడు. మమ్మల్ని లోపలికి తీసుకుపోయిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో, పటాల విభాగం చూసుకుంటుంది. చల్లటి గదిలో పొడుగు బల్ల మీద మా కోసం మా పటం మొత్తం విప్పి పరిచింది. మా ఊరు విడిచాక ఇంకొక్క పెచ్చు రాలలేదు. ఎంత జాగ్రత్తగా శుభ్రం చేశారో, ఊడిపోతున్న రంగును ఎట్లా నిలబెట్టారో, వెనక కొత్త గుడ్డ ఎట్లా అతికారో ఆమె ఇష్టంగా చెప్పింది. ఊరి పేరు, ఎల్లయ్య తాత పేరు, నకాషీవాళ్ల పేరు, అన్నీ రిజిస్టరులో సరిగ్గా రాసి ఉన్నాయి. కొట్లాడదామని పోయినదాన్ని, తప్పు పట్టడానికి నాకు అక్కడ ఎవరూ దొరకలేదు.

"ఇప్పుడిక భయం లేదు, ఇంకో రెండు మూడు వందల ఏళ్లు దీనికేం కాదు" అని హిందీలో అంది. సాయిలుకు కంపెనీ హిందీ బాగానే వచ్చు, అయినా నా వైపు తిరిగాడు.

"అంటే ఇది సావదా అక్కా?"

నేను ఆ అమ్మాయికి అంతా చెప్పాను. నీళ్లు, స్నానం, కళ్లు, ఒక కథకు ఒకటే పటం. నా పాత ఉత్తరాలు వాళ్ల ఫైలులో ఉన్నాయట, నా చిన్ననాటి చేతిరాతను చూపించింది, నీళ్లలో వదలడమంటే గంగలో స్నానం చేయించడమనుకున్నామని చెప్పింది. విన్నకొద్దీ ఆమె చేతులు బల్లమీంచి వెనక్కు పోయాయి. ఇది నాది కాదు, మా పెద్దవాళ్లదీ కాదు, ఒకసారి రిజిస్టరులోకి ఎక్కాక దేశానిది, నాశనం చేయడానికి ఇవ్వడం ఎవరి చేతుల్లోనూ లేదు, అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకూ చేతకాదు, మాకూ చేతకాదు.

ఆ తర్వాత ఆమె ముఖం తుడుచుకుని, నోటుపుస్తకం తెరిచి, మిమ్మల్ని ఒకటి అడగాలని ఇన్నాళ్లుగా చూస్తున్నాం అంది. గడి గడికీ కథ రాసుకున్నారట, మిగతావన్నీ ఇంకో ఊళ్లో ఇదే కథ చెప్పే వేరే ఇంటివాళ్ల పటాలను బట్టి తెలిశాయట, ఆఖరి గడి మాత్రం ఎక్కడా లేదట. అందులో ఒక ఆడమనిషి నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది, తలమీద ఎర్రగుడ్డ కప్పిన గంప, ముఖం వెనక్కు తిప్పి ఎవరినో చూస్తోంది. ఈమె ఎవరు? గంపలో ఏముంది? నేను సాయిలు వైపు చూశాను. "నాకు తెల్వదక్కా" అన్నాడు మెల్లగా. "పటం ముంగల పెట్టుకొనే నేర్పాలె మా నాయన. పాతది లేకపాయె, కొత్తదానికి కండ్లు లేకపాయె. ఏంతోటి నేర్పుతడు?" ఆ అమ్మాయి కలం పట్టుకుని ఇంకాసేపు ఎదురుచూసి, పుస్తకం మూసింది.

ఆ గడిని ఫోన్‌లో ఫోటో తీసుకుని తెచ్చాను. ఇప్పుడు మా ఊళ్లో రేవు లేదు, బండలు ఎవరో ఇంటి పునాదికి తీసుకుపోయారు, వాగులో దిగొద్దని పిల్లలకు చెప్తారు. నల్లజీడి గింజ అడిగితే కిరాణా దుకాణంలో నవ్వుతారు. మా వాడ ముసలివాళ్లు ఒక్కొక్కరికీ ఫోను చూపించాను. మనిషి మంచిగుంది, ఎవలో తెల్వదు, అన్నారు. చివరికి పోయిన ఆదివారం జోగిపేటలో ఉన్న మా పెద్దత్త దగ్గరికి పోయాను. మా నాయన అక్క, ఎనభై దాటింది, పళ్లు లేవు గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. కథ వస్తదా అత్తా అంటే, రాకేం అని రాగం అందుకుంది. మొదటి గడి, రెండో గడి, మొండికేసిన గాడిద, దేవుళ్ల కొట్లాట, ఎల్లయ్య తాత ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడే తీసుకుంటూ, గంటన్నర. నేను ఫోనులో రికార్డు చేసుకుంటూ పోయాను. ఆఖరి గడి ముందు ఆమె ఆగింది. ఫోటో చూపించాను. దగ్గరికి పట్టుకుని, దూరం పట్టుకుని, మళ్లీ దగ్గరికి పట్టుకుని చూసింది.

"మూడో దినం యాటను కోస్తుంటిమి గదా బిడ్డా" అంది. "ఈమె కాడికి వచ్చేటాళ్లకు కూర ఉడికి వాసనొస్తుండె. ఇస్తార్లు ఏసుకుందమని అందరం లేసి పోతుంటిమి. ఎల్లన్న ఒక్కడే చెప్పుకుంట ఉంటుండె పాపం."